ఇసుక మీద రాస్తున్న తమ్ముడికి

ప్రియమైన తమ్ముడికి,

పొడి రేణువుల ప్రవాహం మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. మొదటి వాక్యంలోనే 'ఇసుక నీళ్లలా పారుతుంది' అన్నావు. అది కొట్టెయ్. అలా పారదు కాబట్టే ఇంతమంది దానితో తల బద్దలు కొట్టుకుంటున్నారు. పళ్లెం కాస్త వంచితే నీళ్లు కదులుతాయి. ఇసుక ఒక వాలు దాటేదాకా కదలదు. ఒత్తుగా కూరుకున్న ఇసుకైతే కదిలే ముందు ఉబ్బుతుంది కూడా, గింజ మీదుగా గింజ ఎక్కి దిగడానికి చోటు కావాలిగా! ఆంగ్ల శాస్త్రవేత్త రేనాల్డ్స్ 1885లోనే ఈ మాట చెప్పాడు. నీ వ్యాసం అక్కడ మొదలుపెట్టు.

గింజల ప్రవాహం మీద ప్రయోగాలు చేసిన బాగ్నోల్డ్ గురించిన పేరాలో సగమే చెప్పావు. షియర్ వేగం (పొర మీద పొర జారే వేగం) రెట్టింపైతే ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది, సరే. కానీ గింజలకున్న చోటు మారనప్పుడే అది. పైగా 1954లో ఆయన వాడింది పొడి ఇసుక కాదు, ద్రవంలో తేలకా మునగకా ఉండే మైనపు ఉండలు. 2002లో ఆ ప్రయోగాన్ని తిరగదోడినవాళ్లు, పరికరం చివర్లలో పుట్టిన సుడులు ఆ కొలతల్లో కలిశాయని వాదించారు. ఇదంతా రాయి. బాగ్నోల్డ్ ఏమీ చిన్నబోడు.

గింజల ప్రవాహం ఎంత చురుగ్గా ఉందో చెప్పే ఇనర్షియల్ నంబర్‌కి సూత్రం ఇచ్చి వదిలేశావు. పాఠకుడికి కావాల్సింది రెండు సమయాలు. పీడనం ఒక గింజను కింది ఖాళీలోకి నొక్కడానికి పట్టేది ఒకటి, ఆ గింజ పక్కదాన్ని దాటడానికి పట్టేది ఇంకొకటి. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చేదే ఆ నంబర్. బాగా చిన్నదైతే ప్రవాహం నింపాదిగా, దాదాపు మట్టిలా జరుగుతుంది. బాగా పెద్దదైతే గింజలు వాయువులోని అణువుల్లా గుద్దుకుంటూ ఎగురుతాయి. మధ్యలో ఘర్షణ గుణకం ఈ నంబర్‌తో పాటు పెరుగుతుంది. గాజు పూసలకైతే సుమారు 0.38 నుంచి 0.64 వైపు. జాప్, ఫోర్‌టేర్, పూలికెన్ 2006లో ఘర్షణకీ ఆ నంబర్‌కీ ఉన్న ఈ సూత్రాన్ని మూడు దిశల ప్రవాహానికి విస్తరించారు.

నువ్వు దాన్ని 'పూర్తి పరిష్కారం' అన్నావు చూడు, అక్కడే నాకు టెన్షన్. మెల్లని ప్రవాహంలో కదలికంతా కొన్ని గింజల మందం పట్టీలోనే ఉంటుంది. ఆ పట్టీ వెడల్పు ఈ సూత్రానికి అందదు. నంబర్ మరీ చిన్నదైనా మరీ పెద్దదైనా సమీకరణాలే అదుపు తప్పుతాయని 2015లో తేలింది. అంటే కంప్యూటర్‌లో మెష్ (లెక్క కోసం గీసే గళ్లు) సన్నం చేసేకొద్దీ జవాబు కుదురుకోదు, ఇంకా చెదిరిపోతుంది. నన్నడిగితే నీ వ్యాసానికి గుండెకాయ ఇదే. రెండు పేరాలు దీనికివ్వు.

గింజ గింజనూ విడిగా లెక్కించే కండల్, స్ట్రాక్ పద్ధతికి (1979) రెండు వాక్యాలు చాలు. ఆ రంగుల గ్రాఫ్ తీసేసి, సవరించింది మళ్లీ పంపు.

ఇట్లు,
మీ అన్నయ్య