వైఫై ఎక్కని మేడ, కనపడని ప్రింటరు

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట, కింద ఒకటి పైన రెండు అంతస్తులు. కింద హాల్లో రౌటర్ ఉంది, ప్లాన్ 200 ఎంబీపీఎస్. కింద బాగానే వస్తది, పైన మా అబ్బాయి గదిలో మాత్రం వీడియో గుండ్రంగా తిరుగుతానే ఉంటది. నెట్ వాళ్లేమో 300 ప్లాన్‌కి మారమంటున్నారు. మారమంటారా?

జవాబు: వద్దమ్మా, ఆ డబ్బులు ఉంచుకోండి. కింద బాగా వస్తుందంటే లైను బాగున్నట్టే, మీ గొడవంతా మధ్యలో ఉన్న రెండు శ్లాబులతో. రౌటర్ రెండు రకాల సిగ్నల్ వదులుద్ది, 5 గిగాహెర్ట్జ్‌ది మంచి స్పీడు కానీ ఇనుపచువ్వల శ్లాబు అడ్డమొస్తే నీరసపడిపోద్ది, 2.4ది కాస్త దూరం వెళ్లుద్ది కానీ స్పీడు తక్కువ, పైగా అక్కడ రద్దీ. మీ వీధిలో ఫోన్‌లో వైఫై లిస్టు తెరిచి చూడండి, ఎన్ని ఇళ్ల పేర్లు కనపడతాయో, వాటన్నిటికీ కలిపి 2.4లో ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండే చానళ్లు మూడే, 1, 6, 11.

షాపుకెళ్తే రిపీటర్ పెట్టుకోమంటారు. నేనూ కొన్నా, ఒకటి కాదు రెండు, ఇప్పుడు బీరువా మీద దుమ్ము కొట్టుకుంటా ఉన్నాయి. మామూలు రిపీటర్ కింద నుంచి విన్నదాన్నే అదే నోటితో మళ్లీ పైకి చెప్పాలి, అందుకని స్పీడు దాదాపు సగానికి పడిపోద్ది.

రౌటర్ నుంచి పై గదికి క్యాట్ 6 రకం నెట్ వైరు లాగించి అక్కడో యాక్సెస్ పాయింట్ పెట్టించండి, అంటే వైరులో వచ్చిన నెట్‌ని వైఫైగా వదిలే డబ్బా. 100 మీటర్ల దాకా ఆ వైరుకి ఢోకా లేదు, మీ ఇంటికి ముప్ఫై కూడా పట్టదు. కరెంటు వైర్లున్న పైపులోంచి మాత్రం లాగనివ్వద్దు. గోడ బయట నుంచి తెస్తే అవుట్‌డోర్ రకం నల్ల వైరే అడగండి, మామూలుది మన ఎండలకి పెళుసెక్కి పగిలిపోద్ది. కొనేముందు ఒక తీగని బ్లేడుతో గీకండి, లోపల తెల్లగా కనపడితే అది అల్యూమినియం మీద రాగి పూత, తిరిగిచ్చేయండి.

ఇంకోటి, పని చేసినాయన కనెక్టర్ కొట్టాక దాన్ని చేతిలోకి తీసుకుని వెలుతురుకి పెట్టి చూడండి. తెల్లనారింజ, నారింజ, తెల్లపచ్చ, నీలం, తెల్లనీలం, పచ్చ, తెల్లగోధుమ, గోధుమ, ఎనిమిది తీగలూ కొసదాకా వచ్చి చివర్న ఎనిమిది రాగి చుక్కలు మెరవాలి. గోధుమ జంటో నీలం జంటో సరిగ్గా పడకపోయినా చాలాసార్లు నెట్ వచ్చేస్తది, అందుకే ఎవరూ పట్టించుకోరు, కానీ 100 దాటి రాదు, మీ 200లో సగం గోడలోనే ఆగిపోయినట్టు!

ప్రశ్న: విజయవాడ వన్‌టౌన్‌లో మాది హోల్‌సేల్ బట్టల షాపు, బిల్లింగ్ కంప్యూటర్లు మూడు, ప్రింటర్ ఒకటి. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ప్రింటర్ కనపడదు, ఒక్కోసారి ఒక కంప్యూటర్‌కి నెట్ కూడా ఉండదు. ఈమధ్యే వెనక గోడౌన్‌లో వైఫై కోసం పాత రౌటర్ ఒకటి తగిలించాం.

జవాబు: ఆ ఆఖరి మాట చెప్పకపోతే నేనూ ప్రింటర్నే తిట్టేవాణ్ణండీ. డాక్టరు గారి దగ్గర ఒక కాంపౌండర్ టోకెన్లిస్తే సవ్యంగా ఉంటది, ఇద్దరు చెరో పుస్తకం పట్టుకుని ఇస్తే 12వ నంబరోళ్లు ఇద్దరు తయారవుతారు, మీ షాపులో అదే జరుగుతుంది. రౌటర్ ప్రతి మెషీన్‌కీ ఒక ఐపీ నంబర్ ఇస్తది, ఆ పనికి డీహెచ్‌సీపీ అని పేరు. పాత రౌటర్ కూడా ఇస్తా కూర్చుంది, దాని మాట విన్న కంప్యూటర్‌కి నెట్‌కి దారి తెలీదు. రెండిటి సొంత నంబరూ 192.168.1.1 అయితే ఇంక చెప్పక్కర్లేదు.

పాతదాని సెట్టింగుల్లోకెళ్లి దాని నంబర్ 192.168.1.2 చేయండి, డీహెచ్‌సీపీ ఆపేయండి, షాపులోంచి వచ్చే వైరుని దాని వాన్ పోర్టులో (బయట నెట్ వైరు పెట్టే రంధ్రం) కాకుండా లాన్ పోర్టులో (లోపలి మెషీన్ల వైర్లు పెట్టేది) పెట్టండి. కొత్త నంబర్ ఎక్కడైనా రాసిపెట్టుకోండి, లేకపోతే రేపు మళ్లీ సెట్టింగుల్లోకి వెళ్లటానికి తంటాలు పడాలి.

ప్రింటర్ సంగతి వేరు. కరెంటు వచ్చాక దానికి కొత్త నంబర్ వస్తది, కంప్యూటర్లేమో పాత నంబర్ తలుపే కొడతా ఉంటాయి. మెయిన్ రౌటర్‌లో అడ్రస్ రిజర్వేషన్ అని ఉంటది, ప్రింటర్ మ్యాక్ అడ్రస్ (తయారీలోనే ఆ మెషీన్‌కి ఇచ్చిన గుర్తింపు నంబర్) వేసి దానికో నంబర్ ఖాయం చేయండి, తర్వాత మూడు కంప్యూటర్లలోనూ ఆ నంబరుతో ప్రింటర్ని ఒకసారి మళ్లీ యాడ్ చేయండి. రౌటర్‌కి చిన్న యూపీఎస్ పెట్టుకుంటే ఇంకా మంచిది.

ప్రశ్న: 100 ప్లాన్ అని డబ్బులు కట్టించుకుని డౌన్‌లోడ్‌లో 12 చూపిస్తున్నారు, ఇది మోసం కాదా? (పటమట)

జవాబు: కాదండీ. ప్లాన్ బిట్లలో చెప్తారు, డౌన్‌లోడ్ బైట్లలో చూపిస్తది, ఎనిమిది బిట్లు ఒక బైటు. 100ని 8తో భాగిస్తే 12.5, మీకు నిక్కచ్చిగా వస్తున్నట్టే.

ప్రశ్న: గుంటూరు దగ్గర మా కోల్డ్ స్టోరేజీలో కెమెరాలు పెట్టించాం, ఇంటి నుంచి చూడ్డానికి కుర్రాడు రౌటర్‌లో పోర్ట్ ఫార్వార్డింగ్ (బయట నుంచి వచ్చేదాన్ని కెమెరాల రికార్డర్‌కి పంపే ఏర్పాటు) ఎన్నిసార్లు చేసినా తెరుచుకోవట్లేదు.

జవాబు: కుర్రాణ్ణి ఏమనకండి. రౌటర్‌లో వాన్ ఐపీ, అంటే బయట నెట్ వైపు దానికున్న నంబర్, చూడండి, అది 100.64తో మొదలయ్యేదాని నుంచి 100.127తో మొదలయ్యేదాని లోపల ఉంటే మీకు సొంత పబ్లిక్ నంబర్ లేనట్టు. పాత పద్ధతి ఐపీ నంబర్లు ప్రపంచం మొత్తానికి సుమారు 430 కోట్లే, అవి చాలక నెట్ కంపెనీలు చాలామందిని ఒకే నంబర్ వెనక కూర్చోబెడతాయి, బయట నుంచి వచ్చినోడికి మీ గుమ్మం ఏదో తెలీదు. కంపెనీని స్టాటిక్ ఐపీ, అంటే మారని సొంత పబ్లిక్ నంబర్, అడగండి, విడిగా డబ్బులు తీసుకుంటారు. లేదా రికార్డర్ కంపెనీ వాళ్ల క్లౌడ్ యాప్‌లో పెట్టుకోండి, దానికి ఫార్వార్డింగ్ అక్కర్లేదు. ఏది చేసినా ముందు ఆ రికార్డర్ పాస్‌వర్డ్ మార్చండి, ఇంకా అడ్మిన్ అనే ఉండుంటది.