కష్టం మీద కష్టం వస్తుంటే దైవం నుంచి, ప్రకృతి నుంచి ధైర్యం ఎలా తెచ్చుకున్నారు?

మీ ప్రశ్న చదువుతుంటే నాలుగేళ్ల కిందటి రోజులు కళ్లముందు తిరిగాయండీ. మా ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి, మాట పోయింది. 43 రోజులు ఆసుపత్రిలోనే ఉన్నాం. ఆ మధ్యలోనే నా ఉద్యోగం కూడా పోయింది.

అప్పుడు తెలిసినవాళ్లంతా నా ఫోనుకి ఒకటే కథ పంపేవారు. గద్దకి 40 ఏళ్లు రాగానే కొండెక్కి, ముక్కు రాతికేసి విరగ్గొట్టుకుని, గోళ్లూ ఈకలూ పీకేసుకుని మళ్లీ కొత్తగా పుడుతుందట. అది నిజం కాదు. ముక్కు విరిగిన గద్ద తిండిలేక చచ్చిపోతుంది. దాని ముక్కూ గోళ్లూ అరుగుతూ పెరుగుతూనే ఉంటాయి, ఈకలు కొన్ని రాలుతుంటే కొన్ని వస్తుంటాయి. మీకూ ఎవరైనా పంపితే మనసుకి పట్టించుకోకండి. ఆ కథ విన్నప్పుడల్లా నాలో ఏదో లోపం ఉందనే అనిపించేది.

నిజంగా నాకు ఆసరా ఇచ్చింది వార్డు కిటికీ అవతలి వేపచెట్టు. ఆకులు రాలే కాలమది. పొద్దున లేచి చూస్తే కింద నేలంతా పసుపు. ఆకుని వదిలేసే ముందు చెట్టు దాన్లోని సారాన్ని చాలావరకు కొమ్మలోకి వెనక్కి లాక్కుంటుంది, అందుకే ఆకుపచ్చ తగ్గి పసుపు తేలుతుంది. ఆ సంగతి తెలిశాక ఆ మోడుకొమ్మల్ని చూసే చూపే మారింది. మేం ఇంటికెళ్లేలోపు కొసలకి ఎర్రటి లేత చిగుళ్లు వచ్చేశాయి కూడా.

దేవుడితో మాత్రం మాట్లాడటం మానేశాను. కోపం. రోజూ దీపం పెట్టినదాన్ని, నాకే ఎందుకని. ఒక రాత్రి ఆయన నిద్రపోయాక మా అత్తగారు భాగవతం ఏకాదశ స్కంధంలోని అవధూత కథ చెప్పారు. ఇంత నిశ్చింతగా ఎలా ఉన్నావని యదు మహారాజు అడిగితే, నాకు 24 మంది గురువులున్నారంటాడు అవధూత. అందులో మొదటిది భూమి. ఎంత తొక్కినా తన ధర్మం తప్పదు. ఇంకా గాలి, నీరు, తేనెటీగ, కొండచిలువ, పావురం...

పావురం దగ్గర నేను ఆగిపోయాను. పిల్లలు వలలో పడితే తల్లి పావురం తనూ వెళ్లి చిక్కుకుంటుంది, అది చూసి తండ్రీ వెళ్లి పడుతుంది. అతి మమకారం వద్దని అవధూత నేర్చుకున్న పాఠం. నాకు ఒళ్లు మండింది. "అయితే ఈయన్ని వదిలేయమంటారా?" అన్నాను.

"వదిలేయమని ఎవరన్నారే? వలలో దూకొద్దంటున్నాడు. నువ్వు సరిగ్గా అన్నం తిని మూడు రోజులైంది" అన్నారావిడ. ఆ మంచం మీదున్నది ఆవిడ కొడుకు.

ఆ రాత్రి ఏడ్చి, తిని, పడుకున్నాను. మర్నాటి నుంచి నా ప్రార్థన మారింది. అంతకుముందు "మాట తిరిగి ఇప్పించు స్వామీ" అని ఒకటే పోరు. తర్వాత "ఇవాళ ఫిజియోథెరపీ అయ్యేదాకా విసుక్కోకుండా చూడు" అని మాత్రం అడిగేదాన్ని. అంత చిన్న కోరిక చాలా రోజులు తీరేది. తీరని రోజున ఆయన మీద అరిచి, బయటికొచ్చి ఆ చెట్టు కిందే కూర్చునేదాన్ని.

అక్కడే దగ్గరగా చూశాను. ఎవరో పెద్ద కొమ్మ రంపంతో కోసేశారు. మధ్యలో ఎండి పగిలిన చెక్క, చుట్టూ పెదవిలా ఉబ్బి లోపలికి ముడుచుకుంటున్న కొత్త బెరడు. వేలితో తడిమితే నున్నగా ఉంది. ఇదేమిటని తర్వాత వెతికితే, అలెక్స్ షైగో అనే అమెరికన్ అటవీ శాస్త్రవేత్త గురించి తెలిసింది. ఆయన వేల చెట్లను నిలువునా కోసి చూశాడు. మన చర్మం మానినట్టు చెట్టు గాయం మానదట. దెబ్బతిన్న చెక్క లోపల అలాగే ఉండిపోతుంది. కుళ్లు పాకకుండా చెట్టు దాని చుట్టూ గోడ కట్టి, ఆ పైన కొత్త చెక్క పెంచుకుంటుంది. నాకు ఎవరూ చెప్పని ఓదార్పు అది. పాత మనిషిగా మారలేకపోతున్నానన్న దిగులు అప్పుడే కాస్త వదిలింది.

మీరు కూడా రోజూ పది నిమిషాలు ఒకే చెట్టు దగ్గరో, ఒకే ఆకాశపు ముక్క కిందో కూర్చోండి. పాఠం కోసం వెతక్కండి, ఊరికే చూడండి. మీ నమ్మకం ఏదైనా సరే, ఆ పూటకి సరిపడేదే అడగండి. వారాల తరబడి నిద్రా తిండీ లేకపోతే డాక్టరుని కూడా కలవండి, నేను కలిశాను. దానివల్ల భక్తి తగ్గలేదు.

ఆయన ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తారు. మాటలు ఓ ఇరవై వచ్చాయి, నా పేరు ఇంకా పూర్తిగా పలకలేరు. మొన్న చెకప్‌కి వెళ్లినప్పుడు ఇద్దరం ఆ వేపచెట్టు దగ్గర ఆగాం. కోసిన చోట బెరడు దాదాపు కలిసిపోయింది, మధ్యలో బొటనవేలు పట్టేంత సందు మిగిలింది. ఆయన ఎడమచేత్తో దాన్ని చాలాసేపు తడిమారు.