నాన్న మంచం పక్కన కూర్చోబోయే మా చిట్టితల్లికి

చిట్టితల్లీ,

నాన్నకు మోకాలి మార్పిడి ఆపరేషన్ చేయించడానికి బెంగళూరు నుంచి సెలవు పెట్టి వస్తున్నావని, ఆస్పత్రి, డాక్టరు, తేదీ అన్నీ నువ్వే ఖాయం చేశావని మీ అమ్మ నిన్న ఫోనులో చెప్పింది. నాకు ఎంత గర్వంగా అనిపించిందో! మేడ మెట్లు ఎక్కలేక కింది గదిలోనే పడుకుంటూ "నాకేమైంది, బాగానే ఉన్నాను" అనే మనిషిని ఒప్పించడం మీ అమ్మ వల్ల కాలేదు, అక్కను కదా అని గదమాయించినా నా వల్లా కాలేదు. అంతటితో ఆగి ఉంటే హాయిగా నిద్రపోయేదాన్ని. "అటెండెంటుగా నేనొక్కదాన్నే ఉంటాను, ఇంకెవరూ అక్కరలేదు" అన్నావట. ఆ మాట దగ్గరే నా ప్రాణం గిలగిలలాడింది.

నీకు తెలిసిన సంగతులు చెప్పి విసిగించను. పాత రిపోర్టులు, మందుల చీటీలు ఒక ఫైల్లో పెట్టుకో. రక్తం పలచబరిచే మాత్ర ఎప్పుడు ఆపాలో డాక్టరే చెప్పాలి, మీ పక్కింటి ఆయన కాదు. గది తీసుకునే ముందు ఇన్సూరెన్సు పాలసీ చదువు. గది అద్దెకు పరిమితి ఉన్న పాలసీ అయితే, అది దాటినప్పుడు కోత అద్దెతోనే ఆగకపోవచ్చు. డాక్టరు ఫీజులోనూ, థియేటరు ఖర్చులోనూ అదే నిష్పత్తిలో కోసేస్తారు. మోకాల్లో అమర్చే కృత్రిమ కీలు, అదే ఇంప్లాంటు, ఏ కంపెనీది, ఏ రకం, ధర ఎంత అన్నది ముందే కాగితం మీద రాయించుకో. 2017 ఆగస్టులో ప్రభుత్వం మోకాలి ఇంప్లాంట్లకు గరిష్ఠ ధరలు నిర్ణయించింది కాబట్టి అడగడానికి సంకోచించనక్కరలేదు. ఇంప్లాంటు డబ్బా మీది స్టిక్కరు ఫైల్లో అంటించారో లేదో కూడా చూసుకో.

ఇక నా పిత్తాశయం ఆపరేషన్ సంగతి. అప్పుడు నీకు పరీక్షలు. "అత్తయ్యకు షుగర్ పడిపోయిందట, మళ్ళీ సర్దుకుందట" అని మాత్రమే నీకు చెప్పారు. మిగతాది ఇప్పుడు విను.

అది పెద్ద ఆస్పత్రే. గచ్చులో మొహం చూసుకోవచ్చు. ఆపరేషన్ అయిన మర్నాటి సాయంత్రం ఏడున్నరకు సిస్టర్ వచ్చి, భోజనం వచ్చేస్తుందమ్మా అంటూ ఇన్సులిన్ వేసి వెళ్ళింది. ఆ రోజే నన్ను ద్రవాహారం నుంచి మెత్తటి అన్నానికి మార్చారు. ఆ మార్పు వంటగదికి చేరలేదు. అందరికీ ప్లేట్లు వచ్చాయి, నా మంచానికి రాలేదు. ఎదుటి మంచం ఆవిడ చారన్నం తింటుంటే ఆ వాసన నాకు వస్తూనే ఉంది. అంతలో అడ్వాన్సు ఇంకా కట్టాలని కబురొస్తే మీ మామయ్య కింద బిల్లింగ్ కౌంటరుకు వెళ్ళారు. ఎనిమిదికి డ్యూటీలు మారుతున్నాయి.

చెమటతో గౌను ఒంటికి అతుక్కుపోయింది. వేళ్ళు వణుకుతున్నాయి. పిలుపు గంట స్విచ్చి సెలైన్ సూది ఉన్న చేతివైపు, మంచం కడ్డీకి చుట్టి ఉంది. ఎలాగో నొక్కాను. ఎవరో అమ్మాయి వచ్చి, తలుపు పైన ఎర్రదీపం ఆర్పి, "హ్యాండోవర్ జరుగుతోందమ్మా, పది నిమిషాలు" అని వెళ్ళిపోయింది. షుగర్ అని చెప్పాలని తెలుసు, మాట నోటికి రావడం లేదు. ఎదుటి మంచం ఆవిడ కోడలిని పట్టుకుని, ఎప్పుడో పోయిన మా అమ్మతో మాట్లాడినట్టు మాట్లాడానట. ఆ పిల్లే గ్రహించి, టీ కోసం తెచ్చుకున్న పంచదార నీళ్ళలో కలిపి తాగించి, వరండాలోకి వెళ్ళి కేకలు పెట్టింది. అప్పుడు పరుగెత్తుకొచ్చి చూస్తే షుగర్ 48 ఉంది.

మర్నాడు రౌండ్సులో పెద్ద డాక్టరు "ఇప్పుడు బాగానే ఉన్నారుగా" అని పేజీ తిప్పేశారు. డైటీషియన్ వంటగదిని అంది, వంటగది వార్డును అంది. క్షమించండి అన్నవారు ఒక్కరూ లేరు. డిశ్చార్జి రోజున మాత్రం ఒక కుర్రాడు ట్యాబ్ పట్టుకొచ్చి "అయిదు స్టార్లు ఇవ్వండి మేడమ్" అన్నాడు. నన్ను అన్నిటికన్నా నొప్పించినది కేస్ షీటు. ఆ రాత్రి ఎనిమిది గంటల గడిలో "పేషెంట్ కంఫర్టబుల్" అని ముచ్చటైన దస్తూరీతో రాసి ఉంది. ఆ నకలు ఇవ్వడానికి కూడా మొదట కాదన్నారు, డిశ్చార్జి సమ్మరీ చాలదా అన్నారు. రోగి అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల్లోనే ఉంది. మీ మామయ్య ఆ మాట రాసి, అర్జీ ఇచ్చి, ముద్ర వేయించుకున్నాక ఇచ్చారు. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పిందని, కేసు వేద్దామని కూడా ఆయన అన్నారు. నాకే ఓపిక లేకపోయింది.

ఆ ఇన్సులిన్ వేసిన సిస్టర్ మీద నాకు కోపం లేదు. నర్సింగ్ పూర్తయి ఏడాది కూడా కాని పిల్ల, వార్డు సగం ఆమె మీదే ఉండేది. మర్నాడు పొద్దున వచ్చి, నేను అడగకుండానే నా తల దువ్వి జడ వేసింది. ఒక్క మాటా మాట్లాడలేదు. కోపం ఆ ఎర్రదీపం ఆర్పిన పద్ధతి మీద.

మీ నాన్నకూ షుగరే, వాడికీ ఇన్సులినే. పైగా వాడు గంట నొక్కే రకం కాదు. చిన్నప్పుడు కాలిలో మేకు దిగితే, నాన్నగారికి ఖర్చు అవుతుందని రెండు రోజులు దాచాడు. పాదం బూరెలా పొంగాక మా అమ్మ కంట పడింది. అలాంటివాడిని ఒంటరిగా వదిలి నువ్వు కౌంటర్ల దగ్గర నిలబడతావా? ఒక్కదాన్నే చేసుకోగలనని పంతం పట్టకు. నీ సత్తా గురించి ఎవరికీ సందేహం లేదు తల్లీ, నిన్ను ఎత్తుకు పెంచినదాన్ని, నాకు అసలే లేదు.

కాబట్టి ఇది మాత్రం నా మాట విను. ప్లేటు కళ్ళ ముందుకు వచ్చాకే ఇన్సులిన్. "సిస్టర్, భోజనం ఇంకా రాలేదు, వచ్చాక వేద్దామా?" అని నవ్వుతూ అడుగు. డాక్టరు చేత ఆ ముక్క కేస్ షీటులో రాయించు. ఆపరేషన్ రోజు పరగడుపున ఉంచుతారు కదా, ఆ పూట డోసు ఎంతో విడిగా కనుక్కో. దిండు పక్కన పంచదార ఉంచు. షుగర్ 70 కన్నా తగ్గితే, మెలకువగా ఉంటే, మూడు చెంచాలు నీళ్ళలో కలిపి పట్టించు, వెంటనే సిస్టర్‌కు చెప్పు, పావుగంటకు మళ్ళీ చూడమను. మగతగా ఉంటే మాత్రం నోట్లో ఏమీ పోయకు, కేక పెట్టు. ఎవరేమనుకుంటారోనని చూడకు. డ్యూటీలు మారే వేళల్లో, భోజనాల వేళల్లో మంచం వదలకు. కౌంటరు వాళ్ళు ఎన్నిసార్లు పిలిచినా ఆగమను. గంట స్విచ్చి సూది లేని చేతివైపు కట్టించు. పిక్కలో నొప్పి, వాపు అంటే రౌండ్స్ దాకా ఆగకుండా డ్యూటీ డాక్టరును పిలిపించు. నడిపించడానికి ఫిజియోథెరపిస్టు వచ్చినప్పుడు వాడు మూలుగుతాడు, నువ్వు కరిగిపోకు.

డిశ్చార్జి రోజు బిల్లు పొద్దున్నే పంపమని తొందరపెట్టు. ఆస్పత్రి నుంచి అభ్యర్థన అందిన మూడు గంటల్లో ఇన్సూరెన్సు వాళ్ళు తేల్చాలని 2024 నుంచి నిబంధన ఉంది. కానీ ఆలస్యమంతా అక్కడికి పంపడంలోనే జరుగుతుంది.

సాయంత్రాలు మీ మామయ్య వస్తారు. వద్దనకు. ఆ రాత్రి కౌంటరు దగ్గర వరుసలో నిలబడ్డందుకు ఆయన తనను తాను ఇంకా తిట్టుకుంటూనే ఉన్నారు. ఇప్పటికీ ఇంట్లో నా కంచంలో అన్నం పడేదాకా సిరంజి ముట్టుకోనివ్వరు. సంచి అప్పుడే సర్దేసుకున్నారు, అందులో పంచదార డబ్బా కూడా ఉంది. పాలసీ కాగితాలు ఫొటోలు తీసి ఆదివారంలోగా ఆయనకు పంపు, గది అద్దె పరిమితి ఎంతో చూసి చెబుతారు.

ఆశీస్సులతో,
మీ అత్తయ్య