చిట్టీ ఖాళీగా ఉందని పుస్తకం తీసెయ్యొద్దు

చిరంజీవి సౌభాగ్యవతి మాధవికి పెద్దమ్మ ఆశీస్సులు.

మీ అమ్మ ఫోన్లో చెప్పింది. తిరుపతిలో మీ లైబ్రరీకి గ్రూప్స్‌కూ డీఎస్సీకీ చదివే పిల్లలు పొద్దున్నే వచ్చి కుర్చీల కోసం కొట్లాడుకుంటున్నారట. వాళ్ళకు చోటు కోసం వెనక గది బీరువాలు ఖాళీ చేసే పని నీకు అప్పగించారట. అంత పని నిన్ను నమ్మి ఇచ్చారంటే గర్వంగానే ఉంది. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

పుస్తకాలు తీసెయ్యడం పాపమేమీ కాదు, ఆ టెన్షన్ పెట్టుకోకు. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా జనం కడుతూనే ఉంటారు. అది గ్రంథాలయ సంస్థకు చేరేసరికి మన జుట్టు నెరుస్తుంది, ఇంక కొత్త గది ఎక్కడిది? గ్రంథాలయం పెరిగే ప్రాణి అని మన లైబ్రరీ శాస్త్రానికి పెద్దదిక్కు రంగనాథన్ గారు 1931లోనే రాశారు గానీ, గోడలు జరిపే ఉపాయం మాత్రం చెప్పలేదు.

సులువైనవి ముందు తియ్యి. చెదలు తిన్నవి, పేజీలు ఊడినవి, ఒకే పుస్తకం డజను కాపీలు వచ్చి పడినవి. 13 జిల్లాల మ్యాపు ఉన్న గైడ్లు పోటీ పరీక్షల పిల్లల చేతికి ఇవ్వడమే తప్పు, 2022లోనే ఆ 13 కాస్తా 26 అయ్యాయి. ఐపీసీ పుస్తకాలు మాత్రం అన్నీ తీసెయ్యొద్దు. 2024 జూలై నుంచి దాని బదులు న్యాయ సంహిత వచ్చిన మాట నిజమే, కానీ అంతకు ముందు జరిగిన నేరాల కేసులు పాత సెక్షన్ల కిందే నడుస్తాయి. కోర్టు గుమాస్తాలు వచ్చి అడుగుతారు. ఒక మంచి కాపీ ఉంచు.

ఇక అసలు సంగతి. "ఎవరూ చదవనివే తీస్తున్నా, చిట్టీలు చూసి" అని మీ అమ్మతో అన్నావట. ఆ మాటకే నాకు కోపం వచ్చింది.

నేను లైబ్రరీ ఉద్యోగంలో చేరిన కొత్తలో తమిళ సరిహద్దున ఒక శాఖలో ఉండేదాన్ని. ఊరు పేరు వద్దులే. అప్పుడూ ఇదే తంటా, చోటు లేదు. పైనుంచి వచ్చిన అధికారి వెనక అట్టకు అంటించిన చిట్టీలు, అదే పుస్తకం ఇంటికిచ్చినప్పుడల్లా తేదీ ముద్ర వేసే డేట్ స్లిప్పులు, తిప్పి చూశాడు. మూడేళ్ళుగా ముద్ర పడని పుస్తకం పక్కన పెట్టమన్నాడు. చూడ్డానికి న్యాయంగానే ఉంది కదా, ఎవరికీ పక్షపాతం లేని లెక్క. పక్కన పడ్డవి చూస్తే సగం తమిళ పుస్తకాలు, వారపత్రికల్లో సీరియళ్ళు కత్తిరించి కుట్టిన బైండు పుస్తకాలు, జిల్లా వివరాలన్నీ రాసిపెట్టిన పాత జిల్లా మాన్యువళ్ళు. తూకానికి వేసేశారు.

తర్వాతి వారం మగ్గం పని చేసే ఆయన ఒకాయన వచ్చాడు. రోజూ సాయంత్రం వచ్చి కిటికీ దగ్గర బెంచీ మీద కూర్చుని తమిళ బైండు పుస్తకం చదువుకుని పోయేవాడు. సభ్యత్వానికి డిపాజిట్ కట్టే స్తోమత లేదు, ఇంట్లో దీపం వెలుతురూ చాలదు. అందుకని ఇంటికి తీసుకెళ్ళేవాడు కాదు. తీసుకెళ్ళకపోతే ముద్ర ఎట్లా పడుతుంది? బీరువా ముందు కాసేపు నిలబడి, "బైండింగుకు పంపినారామ్మా?" అని అడిగాడు. మా లైబ్రేరియన్ గారు అవునన్నారు. ఆయన కొన్నాళ్ళు వచ్చి అడిగి, తర్వాత రావడం మానేశాడు. నాకు ఇప్పటికీ ఆ అబద్ధం మీద కన్నా ఆ లెక్క మీదే కోపం. మాన్యువళ్ళకైతే ముద్ర పడే వీలే లేదు. అవి రిఫరెన్సు, బయటికి ఇవ్వకూడదని మనమే రూలు పెట్టాం. మనం ఇవ్వం, ఎవరూ తీసుకోలేదని తీసేస్తాం!

అందుకని ఒక నెల రోజులు ఈ పని చెయ్యి. రీడింగ్ రూమ్‌లో చదివినవాళ్ళు పుస్తకం తిరిగి బీరువాలో పెట్టొద్దు, బల్ల మీదే వదిలెయ్యాలని బోర్డు రాయించు. సాయంత్రం ఆ పుస్తకాల్లో పెన్సిల్‌తో ఒక గీత గియ్యి. నెలాఖరున గీతలు చూసుకుని అప్పుడు లిస్టు రాయి.

మన ఊరి పుస్తకాలకు ఆ గీతలూ అక్కర్లేదు. 1911 దాకా చిత్తూరు నార్త్ ఆర్కాట్‌లో భాగం, 1960లో తిరుత్తణి తమిళుల వైపు పోయింది. మన బీరువాల్లో తమిళం ఉండక ఏం చేస్తుంది? స్థలపురాణాలు, స్థానిక కవుల సొంత ముద్రణలు, ఊరి సంఘాల సంచికలు ఒక్క కాపీయే ఉంటే కదిలించొద్దు. నెట్‌లో ఉందంటారు. తెరిచి పేజీలన్నీ ఉన్నాయో లేదో చూడు, పాత తెలుగు స్కాన్లలో మధ్య పేజీలు ఎగిరిపోయినవి బోలెడు. 1954 చట్టం ప్రకారం అచ్చేసిన ప్రతి పుస్తకం మద్రాసు కొన్నెమరా లైబ్రరీకి ఒక కాపీ పంపాలి, కానీ చిన్న ప్రచురణకర్తలంతా పంపారని నమ్మకు.

కాగితాల దగ్గర మాత్రం నా మాట జవదాటొద్దు. నోటిమాటతో ఒక్క పుస్తకం కూడా గడప దాటకూడదు. నాతో పనిచేసిన ఒకావిడకు పుస్తకాల లెక్క తేలలేదని రిటైరయ్యాక డబ్బు ఆపేశారు. కూతురి పెళ్ళికి ఆవిడ అప్పు చేసింది. తీసెయ్యమన్న పెద్దమనిషి అప్పటికి బదిలీ అయిపోయాడు, రాతపూర్వకంగా ఏమీ లేదు. నాకు నీ గురించి ఉన్న భయమంతా ఇదే. కమిటీ సంతకాలు, ఉత్తర్వు నంబరు, పుస్తకాలు జమ రాసుకునే యాక్సెషన్ రిజిస్టర్‌లో ఎర్ర సిరాతో తేదీ, అన్నిటికీ జిరాక్స్ తీసి ఇంట్లో పెట్టుకో. ప్రతి పుస్తకంలో లైబ్రరీ ముద్ర మీద "తొలగించినది" అని కొట్టించు. లేకుంటే రేపు పాత పుస్తకాల కొట్లో దొరికి దొంగతనం నీ మెడకు చుట్టుకుంటుంది. మిగిలినవి పల్లె బడికి ఇచ్చేటప్పుడు నువ్వు చదివేవే ఇవ్వు, చినిగినవి అంటగట్టొద్దు.

ముక్కుకు గుడ్డ కట్టుకో అమ్మణ్ణీ. ఆ దుమ్ముకు నీకు చిన్నప్పుడే ఆయాసం వచ్చేది. మీ అమ్మ రాత్రంతా వీపు రుద్దుతూ కూర్చునేది, గుర్తుందో లేదో.

తమిళ పుస్తకాల బీరువా నేను వచ్చేదాకా ముట్టుకోవద్దు. నీకు ఆ అక్షరాలు రావు, అట్ట చూసి తీసేస్తావు. వచ్చే శనివారం చిత్తూరు నుంచి తొలి బస్సుకు వస్తాను. ఒక నోటు పుస్తకం, రెండు పెన్సిళ్ళు సిద్ధంగా పెట్టు. మధ్యాహ్నానికి సంగటి నేనే తెస్తాను, వంట పెట్టుకోకు.

ఇట్లు,
మీ పెద్దమ్మ