రమ్యకు, నీ రెంటు షీటు సంగతి

చిరంజీవి రమ్యకు మామయ్య ఆశీస్సులు.

రాత్రి పదకొండున్నరకు నువ్వు పెట్టిన వాయిస్ మెసేజ్ పొద్దున కాఫీ తాగుతూ విన్నాను. అయిదో తారీఖు, మీ పీజీ హాస్టల్లో రెంట్లు వసూలు చేసే రోజు. సరిగ్గా మూడో అంతస్తు అమ్మాయిల లెక్క ఎక్కిస్తుంటే లిబ్రే ఆఫీస్ మూసుకుపోయిందనీ, మళ్ళీ తెరిస్తే సగం ఎంట్రీలు లేవనీ ఏడుపు గొంతుతో చెప్పావు. "ఫ్రీగా వచ్చేవి ఇంతే, డబ్బులు పెట్టి కొనేద్దాం అంటున్నారు మీ అల్లుడు, ఏం చెయ్యమంటావు?" అని అడిగావు.

ఫోన్లో చెబితే ఎక్కడ నొక్కాలో నీకు గుర్తుండదు, రెండోసారి చెప్పే ఓపిక నాకుండదు. అందుకే రాస్తున్నాను. లాప్‌టాప్ పక్కన పెట్టుకుని చదువు.

కొనడం సంగతి తర్వాత. ముందు జబ్బు ఎక్కడుందో తేలాలి. అది తేలకుండా సాఫ్ట్‌వేర్ మార్చి నేనొకసారి బాగా దెబ్బతిన్నాను. బెంగళూరు పీణ్యలో ఒక వర్క్‌షాపులో లెక్కలు చూసేటప్పుడు, ఏ ఫైలు తెరిచినా నిమిషం పైనే పట్టేది. సాఫ్ట్‌వేరే దండగని తీర్మానించి, రెండు ఆదివారాలు కూర్చుని అయిదు కంప్యూటర్లలోనూ వేరేది వేశాను. జీతాల స్లిప్పుల్లో గీతలన్నీ జరిగిపోయాయి, ఫార్ములాలు కొన్ని తిరగరాసుకోవాల్సి వచ్చింది. సోమవారం పొద్దున్నే ఫైలు తెరిస్తే మళ్ళీ అదే నిమిషం! చివరికి కార్ట్రిడ్జ్ నింపడానికి వచ్చిన కుర్రాడు తెర చూసి, "సార్, ఈ ప్రింటర్ ఎక్కడుంది?" అని అడిగాడు. అది పాత ఇనుముకి పోయి మూడు నెలలైంది. కంప్యూటర్లలో మాత్రం డిఫాల్ట్ ప్రింటర్ ఇంకా అదే. ఫైలు తెరిచిన ప్రతిసారీ ప్రోగ్రామ్ ఆ లేని ప్రింటర్‌ని నెట్‌వర్క్ అంతా వెతికి, దొరక్క, అప్పుడు తెరిచేది. డిఫాల్ట్‌గా 'ప్రింట్ టు పీడీఎఫ్' పెట్టగానే మూడు సెకన్లలో తెరుచుకుంది. మీ అత్తయ్య ఆ రెండు ఆదివారాల సంగతి ఇప్పటికీ ఎత్తుతుంది.

కాబట్టి నువ్వు ముందు ఒక చిన్న పరీక్ష చెయ్యి. లిబ్రే ఆఫీస్‌లో లెక్కల షీట్లకుండే కాల్క్‌లో ఖాళీ షీటు తెరిచి, అందులో పది అంకెలు కొట్టి సేవ్ చెయ్యి. అదీ నత్తలా నడిస్తే తప్పు ప్రోగ్రామ్‌లోనో లాప్‌టాప్‌లోనో ఉంది. అది గబగబా నడిచి నీ రెంటు ఫైలు ఒక్కటే మొరాయిస్తే తప్పు ఫైలుది. అదే ఫైలుని వేరే మెషిన్‌లో తెరిచి చూడటం రెండో పరీక్ష. ఆ రెండోది నేను చేసేశాను.

నీ ఫైలు మెయిల్‌లో పోక గూగుల్ డ్రైవ్‌లో పెట్టావు కదా, అక్కడే నాకు అనుమానం వచ్చింది. అరవై రెండు బెడ్ల లెక్క 140 ఎంబీ ఎందుకు ఉంటుంది? నా దాంట్లోనూ తెరవడానికి ఆపసోపాలు పడింది. అప్పుడొక పని చేశాను, నువ్వూ నేర్చుకో. ఈ ఎక్సెల్ ఫైళ్ళు, లిబ్రే వాళ్ళ ఓడీఎస్ ఫైళ్ళు నిజానికి జిప్ మూటలే. ఫైలుకి ఒక కాపీ తీసి, చివరనున్న ఎక్స్ఎల్ఎస్ఎక్స్ తీసేసి జిప్ అని పేరు మార్చి తెరిచాను. లోపల మీడియా అని ఒక ఫోల్డర్. దాన్నిండా ఆధార్ కార్డులు! ముందు వైపు, వెనక వైపు, ఒకమ్మాయిదైతే కార్డుతో పాటు పట్టుకున్న బొటనవేలు కూడా. లెక్కలన్నీ కలిపితే రెండు ఎంబీ లేవు, మిగతాదంతా ఫొటోలే.

ఫోన్‌తో తీసిన ఫొటో డిస్క్ మీద ఒక ఎంబీ చిల్లరే కనిపిస్తుంది. అది కుదించి దాచిన సైజు. తెర మీద చూపించాలంటే ప్రోగ్రామ్ దాన్ని పూర్తిగా విప్పాలి. 12 మెగాపిక్సెల్ ఫొటో విప్పితే మెమరీలో 36 ఎంబీకి తక్కువ పట్టదు. అలాంటివి వందకు పైగా. పైగా నెల మారినప్పుడల్లా పాత షీటుని కాపీ చేసి కొత్త నెల పేరు పెడుతున్నావు, ఫొటోలూ వెంట వస్తున్నాయి. పద్నాలుగు నెలలకి పద్నాలుగు షీట్లు. నీ 4 జీబీ లాప్‌టాప్ ఇన్నాళ్ళు నడవడమే గొప్ప.

"సరిగ్గా పది నిమిషాలకోసారి బిగుసుకుపోతుంది మామయ్యా, ఏదో వైరస్" అన్నావు చూడు, ఆ మాట నాకు బాగా పనికొచ్చింది. లిబ్రే ఆఫీస్ మామూలుగా పది నిమిషాలకోసారి రికవరీ కోసం తనంతట తాను ఒక కాపీ దాచుకుంటుంది. 140 ఎంబీ మూట కట్టడానికి దానికి టైమ్ పడుతుంది, అంతసేపూ నీ తెర కదలదు. నువ్వు కంగారుపడి అక్కడా ఇక్కడా నొక్కుతావు. దీనికి ఎవరైనా ఆటోసేవ్ ఆపెయ్యమని సలహా ఇస్తారు. ఆపకు. ఫైలు తగ్గితే అదే దారికొస్తుంది.

ఫొటోలన్నీ తీసి ఒక ఫోల్డర్‌లో పెట్టు, బెడ్ నంబరే ఫైలు పేరు. షీటులో "ఆధార్ తీసుకున్నాం" అని ఒక గడి చాలు. అసలు ఇక నుంచి చేరేవాళ్ళని మాస్క్ చేసిన ఆధార్ ఇమ్మను, చివరి నాలుగు అంకెలే కనిపించేది. అరవై మంది ఆడపిల్లల కార్డులు ఒకే ఫైలులో పెట్టుకుని దాన్ని వాట్సాప్‌లో వార్డెన్‌కి పంపుతున్నావు, నాకది క్రాష్ కన్నా ఎక్కువ భయం.

ఇంకో రెండు చూశాను. కంట్రోల్, ఎండ్ కలిపి నొక్కితే కర్సర్ చివరి గడికి పోతుంది కదా. నీది 64వ వరసలో ఆగాల్సింది పోయి 5,000వ వరసకి పోయింది. ఎందుకైనా మంచిదని, వేరే పట్టికలోంచి విలువ వెతికి తెచ్చే వీలుకప్ ఫార్ములాని అక్కడిదాకా లాగి పెట్టావు. గడి ఖాళీగా కనిపించినా లోపల లెక్క జరుగుతూనే ఉంటుంది. 65 నుంచి కింద వరసలన్నీ డిలీట్ చెయ్యి. అలాగే బాకీ ఉంటే ఎర్రగా చూపించే కండిషనల్ ఫార్మాటింగ్. ఫార్మాట్ మెనూలో కండిషనల్, అందులో మేనేజ్ తెరిచి చూడు. ఒక్క రూలు ఉండాల్సిన చోట వందల ముక్కలున్నాయి. కాపీ, పేస్ట్ చేసినప్పుడల్లా రూలు విరిగి పిల్లలు పెట్టింది. అన్నీ తీసేసి, మొత్తం కాలమ్‌కి కలిపి ఒకటే పెట్టు. పాత నెలల షీట్లని వేరే ఫైలులోకి తీసి, ఫార్ములాలు పోయి అంకెలే మిగిలేలా పేస్ట్ స్పెషల్ చేసి పక్కన పెట్టెయ్యి. గత ఏడాది జూన్ రెంటు ఇవాళ మళ్ళీ లెక్కపెట్టాల్సిన పనేముంది?

ఆడిటర్ గారు ఎక్సెల్ అడుగుతారని నువ్వు రోజూ ఎక్స్ఎల్ఎస్ఎక్స్‌లోనే సేవ్ చేస్తున్నావు. లిబ్రే ఆఫీస్ సొంత ఫార్మాట్ ఓడీఎస్. రోజువారీ పని అందులో ఉంచుకుని, నెలాఖరున 'సేవ్ ఎ కాపీ' కొట్టి ఆయనకి ఎక్సెల్ కాపీ పంపు.

ఇంత చేశాక కూడా ఖాళీ షీటు సైతం ఇబ్బంది పెడితే అప్పుడు ప్రోగ్రామ్ మీదికి రా. హెల్ప్ మెనూలో 'రీస్టార్ట్ ఇన్ సేఫ్ మోడ్' అని ఉంటుంది. దాంట్లో బాగా నడిచిందంటే చెడింది నీ యూజర్ ప్రొఫైల్, అంటే నీ సెట్టింగులు దాచుకునే ఫోల్డర్. కరెంటు పోయి బ్యాటరీ అయిపోయి టప్పున ఆగిపోయే లాప్‌టాప్‌లలో ఇది తరచూ చెడుతుంది. సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్ళీ వేసినా ఈ ఫోల్డర్ అలాగే ఉండిపోతుంది, అందుకే "రీఇన్‌స్టాల్ చేసినా బాగవలేదు" అని జనం తల పట్టుకుంటారు. సేఫ్ మోడ్ కిటికీలోనే ఫ్యాక్టరీ సెట్టింగులకు మార్చే వీలుంది. నువ్వు జోడించుకున్న డిక్షనరీ మాటలు, మాక్రోలు అందులోనే ఉంటాయి కనుక ముందు ఆ ఫోల్డర్‌కి కాపీ తీసుకో.

తెర మినుకుమినుకుమన్నా, స్క్రోల్ చేస్తుంటే మూసుకుపోయినా గ్రాఫిక్స్ డ్రైవర్‌తో తగువు. టూల్స్, ఆప్షన్స్, వ్యూలోకి వెళ్తే స్కియా అనే పేరు కనిపిస్తుంది, తెర మీద బొమ్మ గీసేది అదే. దాన్ని సాఫ్ట్‌వేర్ రెండరింగ్‌కి మార్చి చూడు. తెరుచుకోవడమే ఆలస్యమైతే అడ్వాన్స్‌డ్‌లో జావా టిక్ తీసెయ్యి, నువ్వు డేటాబేస్‌ల కోసం ఉండే బేస్ వాడవు కాబట్టి నష్టం లేదు. ఒక్కటి మార్చు, చూడు, తర్వాతే రెండోది. నాలుగూ ఒకేసారి మార్చావంటే ఏ మందుకి తగ్గిందో తెలియదు.

తెలుగు ఫాంట్ వల్లేమో అని కూడా అన్నావు. ఈసారికి మన తెలుగు నిర్దోషి. అయినా నీ అనుమానం మరీ కొట్టిపారెయ్యదగ్గదేం కాదులే. 2018 ఫిబ్రవరిలో మన 'జ్ఞా' అక్షరం ఒక ప్రత్యేకమైన కూర్పులో మెసేజ్‌గా వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. ఆపిల్ వాళ్ళు దానికోసం అప్‌డేట్ ఇవ్వాల్సి వచ్చింది. అంత పెద్ద కంపెనీని ఒక్క వత్తు ముప్పుతిప్పలు పెట్టిందని నేను రెండు రోజులు నవ్వుకున్నాను.

లాప్‌టాప్ సంగతి సూటిగా చెబుతాను. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ చూడు. నువ్వేమీ చెయ్యకుండానే డిస్క్ నూరు శాతం కొట్టుకుంటుంటే, లోపలున్నది తిరిగే పాత హార్డ్ డిస్క్. కంప్యూటర్ షాపులుండే ఎస్పీ రోడ్డుకి తీసుకెళ్ళి, దాని బదులు వేగంగా నడిచే ఎస్ఎస్‌డీ వేయించి, ర్యామ్ 8 జీబీ చెయ్యండి. అల్లుడి చేతిలో డబ్బులు దురదపెడుతుంటే ముందు ఇక్కడ పెట్టమను.

ఇక వేరేవి. అల్లుడి లాప్‌టాప్‌లో ఓపెన్ ఆఫీస్ ఉందన్నావు, అది తీసెయ్యమను. 2010లో ఆ ప్రాజెక్టులోంచి చాలామంది బయటికొచ్చి మొదలుపెట్టిందే లిబ్రే ఆఫీస్. ఓపెన్ ఆఫీస్ 2014లో వచ్చిన 4.1 దగ్గరే చిన్న చిన్న మరమ్మతులతో కాలక్షేపం చేస్తోంది. ఎక్స్ఎల్ఎస్ఎక్స్‌ని తెరుస్తుంది కానీ అందులో సేవ్ చెయ్యలేదు.

ఆడిటర్‌తో, బ్యాంకుతో ఎక్సెల్ ఫైళ్ళే అటూ ఇటూ తిరిగేవాళ్ళకి ఓన్లీ ఆఫీస్ బాగుంటుంది, ఎక్సెల్ రూపురేఖలు చెదరనివ్వదు. మెమరీ మాత్రం బాగా తింటుంది, 4 జీబీలో వద్దు. పాత మెషిన్‌కి తేలిగ్గా ఉండేది జర్మనీ వాళ్ళ ఫ్రీ ఆఫీస్. డబ్ల్యూపీఎస్ చూడ్డానికి అచ్చం ఎక్సెల్‌లా ఉంటుంది, కానీ ఫ్రీ దాంట్లో ప్రకటనలు, కొను కొను అనే గోల. నాకు పడదు.

నీకైతే నా ఓటు గూగుల్ షీట్స్‌కి. రెంటు కట్టిందో లేదో వార్డెన్ ఫోన్లోంచే టిక్ పెడుతుంది, నువ్వు మారతహళ్ళిలో ఉన్నా ఊళ్ళో ఉన్నా చూసుకోవచ్చు, సేవ్ చెయ్యడం అనే బాధే లేదు. చెన్నై కంపెనీ జోహో వాళ్ళ షీట్ కూడా అలాంటిదే, అదీ బాగుంటుంది. ఆన్‌లైన్‌లో పెట్టేది బెడ్ నంబరు, పేరు, రెంటు, తారీఖు అంతే. ఆధార్లు, ఫోన్ నంబర్లు ఇంట్లో మెషిన్‌లోనే ఉండాలి. అడ్వాన్స్ లెక్కలు, ఖర్చులు, ఆడిటర్‌కి ఇచ్చేవి లిబ్రే ఆఫీస్‌లోనే కానివ్వు. ఇంకో పీజీ కూడా తీసుకుంటే అప్పుడు టాలీ గురించి మాట్లాడుకుందాం.

ఏది ఎంచుకున్నా, పాతది తీసేసే ముందు నీ దగ్గరున్న అన్నిటికన్నా పెంకి ఫైలుని కొత్తదాంట్లో తెరిచి, మొత్తాలు సరిపోయాయో లేదో కాయితం మీద సరిచూసుకో.

ఇవాళే చెయ్యాల్సింది ఒకటుంది. టూల్స్, ఆప్షన్స్, లోడ్/సేవ్, జనరల్‌లో 'ఆల్వేస్ క్రియేట్ బ్యాకప్ కాపీ' టిక్ పెట్టు. నిన్న పోయిన ఎంట్రీలకి బెంగపడకు. యూపీఐలో వచ్చినవాటికి బ్యాంకు మెసేజ్‌లు ఫోన్లో ఉంటాయి, వాటిని చూసి మూడో అంతస్తు లెక్క ముందు నోటుబుక్కులో రాసుకో. క్యాష్ ఇచ్చినవాళ్ళెవరో ఈ రాత్రికే వార్డెన్‌ని అడుగు, రెండ్రోజులైతే ఆవిడా మర్చిపోతుంది.

ఆదివారం విజయనగరకి రా. లాప్‌టాప్‌తో పాటు చార్జర్ కూడా తెచ్చుకో, పోయినసారి మర్చిపోయావు.

మామయ్య