ఒంటికాయ శొంఠికొమ్ముల వంటిల్లు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి సగం ఒకటే గోల, టైమ్ లేదు, వంట రాదు, ఉన్నది ఒక్కడినే, ఏం తినమంటారు అని. అందుకే మిగతా ప్రశ్నలన్నీ వచ్చే నెలకి తోసేసి ఈ పేజీ మొత్తం ఒంటరి మగాళ్లకే ఇచ్చేశా. నేనూ తొమ్మిదేళ్లు ఒక్కడినే ఉండి వండుకు తిన్నోణ్ణే, ఎన్ని గిన్నెలు మాడ్చానో మాత్రం అడక్కండి.

ప్రశ్న: అన్నా, ఆఫీసు నుంచి ఇంటికి చేరేసరికి రాత్రి తొమ్మిది. ప్రతి ఆదివారం ఒట్టు పెట్టుకుంటా ఈ వారం బయట తిండి ముట్టను అని. సోమవారం వండుతా, మంగళవారం కూడా ఏదో వండేస్తా, బుధవారం వచ్చేసరికి ఫోన్ తీసి ఆర్డర్ పెట్టేస్తా. నాలో పట్టుదల లేదంటావా?

జవాబు: పట్టుదలకి దీనికి సంబంధమే లేదు తమ్ముడూ. రాత్రి తొమ్మిదింటికి కడుపు కాలిపోతుంటే అప్పుడు నిలబడి "ఏం వండాలబ్బా" అని ఆలోచిస్తే ఎవడైనా ఫోనే తీస్తాడు, నేనైనా తీస్తా. ఆకలి రుచి ఎరగదు అంటారు కదా, అది ఆరోగ్యం కూడా ఎరగదు. కాబట్టి ఆలోచనంతా ఆకలి లేనప్పుడు అయిపోవాలి, ఆకలేశాక చేసే పని పది నిమిషాలు దాటకూడదు. ఈ నెల ఎవరేం అడిగినా నేను తిప్పి తిప్పి చెప్పబోయేది ఇదే, ముందే చెప్పేస్తున్నా.

ఇప్పుడు అసలు సంగతి. వారానికి రెండుసార్లు ఒక్కో గంట పెట్టుకో, ఒకటి ఆదివారం, రెండోది బుధవారం. వారం మొత్తానికి ఒకేసారి వండి డబ్బాలు పేర్చుకునే ప్లాన్లు నాకు నచ్చవు, ఎందుకంటే వండినవి ఫ్రిజ్‌లో 3, 4 రోజులే మంచిగా ఉంటాయి, ఆ తర్వాత తినడం రిస్కే. నువ్వు ఎలాగూ బుధవారం దగ్గరే కూలబడుతున్నావ్ కదా, రెండో వంట అక్కడే పడితే సరిపోద్ది.

ఆ గంటలో కూరలు పూర్తిగా వండేయకు, ఇది బాగా గుర్తుపెట్టుకో. నేను మొదట్లో చేసిన తప్పు అదే, ఆదివారం ఒక పెద్ద గిన్నెడు శనగల కూర చేసి పెట్టా, సోమవారం అమృతం, మంగళవారం పర్లేదు, బుధవారం మూత తీస్తే ఆ వాసనకే ఆకలి చచ్చిపోయింది, గిన్నె మూత మళ్లీ పెట్టేసి బయటికెళ్లి తినొచ్చా. అందుకని సగం పనులు చేసిపెట్టుకో. ఉప్పూ కారం ఏమీ లేకుండా ఉత్త పప్పు ఉడికించి పెట్టు, ఒకరోజు అందులో టమాటా వెల్లుల్లి పడతాయి, ఇంకోరోజు పాలకూర పడుతుంది, మూడోరోజు నీళ్లు ఎక్కువ పోసి మిరియాల పొడి వేస్తే సూప్ అయిపోద్ది, ఒకటే పప్పు మూడు రుచులు. అన్నట్టు కుక్కర్‌లో పప్పు పెట్టేటప్పుడు నీళ్లతో కలిపి సగానికి మించి నింపకు, పప్పు నురుగు పొంగి ఆవిరి వెళ్లే దారికి అడ్డం పడుతుంది.

తర్వాత గుడ్లు. మరుగుతున్న నీళ్లలో వేసి 10 నిమిషాలు, తీసి చల్లనీళ్లలో వేసెయ్. పచ్చసొన కాస్త మెత్తగా కావాలంటే 7 నిమిషాలు. మరీ ఎక్కువసేపు ఉడికిస్తే పచ్చసొన చుట్టూ ఆకుపచ్చ రింగు వస్తుంది, అది గుడ్డులోని ఐరన్, సల్ఫర్ కలిసి వచ్చిన రంగు, పాడైపోయిందని పారేయకు. పెంకు తీయకుండా ఫ్రిజ్‌లో పెడితే వారం ఉంటాయి, అయితే ఉడికినవేవో పచ్చివేవో తెలిసేలా పెన్సిల్‌తో గీత పెట్టుకో, లేకపోతే ఏదో ఒక పొద్దున చొక్కా మీద తెలుస్తుంది.

ఇంకా ఓపిక ఉంటే రెండు ఉల్లిపాయలు, ఏదో ఒక కూరగాయ తరిగి డబ్బాలో పెట్టు. అంతే. తొమ్మిదింటికి ఇంటికొచ్చావా, బాణలిలో ఒక స్పూన్ నూనె, తరిగిన ఉల్లిపాయ, కూరగాయ, పైన ఉడికిన పప్పు, పక్కన గుడ్డు. స్నానం చేసి వచ్చేలోపు సిమ్‌లో అదే ఉడుకుద్ది.

ప్రశ్న: రాత్రి వండిన అన్నం మిగిలితే పొయ్యి మీదే ఉంచేసి పొద్దున బాగా పొగలు వచ్చేలా వేడి చేసుకుని తింటున్నాను. వేడి చేస్తే క్రిములు చచ్చిపోతాయి కదా, ఇంక భయమెందుకు?

జవాబు: క్రిములు చస్తాయి, కానీ అవి చచ్చేముందు వదిలిన విషం చావదు, చిక్కంతా అక్కడుంది. బియ్యంలో బాసిల్లస్ సిరియస్ అని ఒక బ్యాక్టీరియా ఉండొచ్చు, దాని బీజాలు అన్నం ఉడికే వేడిని కూడా తట్టుకుని బతికేస్తాయి. అన్నం గోరువెచ్చగా గంటలు గంటలు బయట ఉంటే అవి మొలిచి పెరిగి విషం వదుల్తాయి, ఆ విషం నువ్వు ఎంత మరిగించినా పోదు. తిన్న కొన్ని గంటల్లోనే వాంతులు. "ఇన్నాళ్లూ తిన్నా, నాకేం కాలేదు" అని రాసేవాళ్లు ఉంటారని తెలుసు, ప్రతిసారీ అవ్వదు, అయినరోజు ఒంటరిగా ఉన్నోడికి మంచినీళ్లు ఇచ్చేవాళ్లు కూడా ఉండరు, అదీ నా బాధ.

5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల మధ్య క్రిములకి పండగ. కాబట్టి మిగిలిన అన్నాన్ని వెడల్పాటి పళ్లెంలో పరిచి తొందరగా చల్లారనిచ్చి గంట, మహా అయితే రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టెయ్, మర్నాడు తినెయ్, వేడి చేయడం ఒక్కసారే. ఇంకొన్నాళ్లు ఉండాలంటే ఒక పూటకి సరిపడా పల్చగా కవర్లలో పరిచి ఫ్రీజర్‌లో పెట్టు, పల్చగా ఉంటే త్వరగా గడ్డకడుతుంది, త్వరగా కరుగుతుంది కూడా.

విషాల మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. స్లో కుక్కర్ (తక్కువ వేడి మీద గంటల తరబడి ఉడికించే కరెంటు కుక్కర్) కొన్నాను, ఎర్ర రాజ్మా నేరుగా అందులో వేసెయ్యొచ్చా అని ఇంకో తమ్ముడు అడిగాడు. వద్దు. పచ్చి రాజ్మాలో ఒక విషపదార్థం ఉంటుంది, అది పోవాలంటే రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో కనీసం 10 నిమిషాలు, 30 నిమిషాలైతే ఇంకా మంచిది, బుడబుడమని మరగాలి. స్లో కుక్కర్ వేడి అంతదాకా వెళ్లకపోవచ్చు, అరకొరగా ఉడికినవి పచ్చివాటికంటే ఎక్కువ చెరుపు చేస్తాయి. మామూలు కుక్కర్‌లో మెత్తగా ఉడికించుకుంటే ఏ గొడవా లేదు.

ప్రశ్న: నమస్కారం. నా వయసు 52. ఈమధ్యే ఒంటరిగా ఉండాల్సి వచ్చింది, వంట అలవాటు లేదు. బీపీ ఉంది. కూరల్లో ఉప్పు సగానికి తగ్గించాను, అయినా డాక్టరుగారు ప్రతిసారీ ఉప్పు తగ్గించమనే అంటున్నారు. రాత్రిపూట నూడుల్స్ లేదా ప్యాకెట్ సూప్, బ్రెడ్ తింటాను.

జవాబు: సార్, మీరు తగ్గించిన ఉప్పు మీ చేత్తో వేసేది, మీకు తెలీకుండా పడేది ఆ ప్యాకెట్లలో ఉంది. ప్యాకెట్ వెనక్కి తిప్పి చూడండి, సోడియం అని మిల్లీగ్రాముల్లో రాసుంటుంది, దాన్ని రెండున్నరతో గుణిస్తే ఉప్పు లెక్క వస్తుంది. ఉదాహరణకి 900 మిల్లీగ్రాముల సోడియం అని ఉంటే అది 2.25 గ్రాముల ఉప్పు. పెద్దవాళ్లకి రోజు మొత్తానికి 5 గ్రాముల లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, అంటే తలగొట్టిన ఒక టీస్పూన్, అందులో దాదాపు సగం ఒక్క ప్యాకెట్‌లోనే అయిపోయిందన్నమాట. ఆ అంకె ప్యాకెట్ మొత్తానిదా, 100 గ్రాములకా అన్నది కూడా చూసుకోండి, అక్కడే చాలామంది బోల్తా పడతారు. బ్రెడ్ ఉప్పగా అనిపించదు గానీ అందులోనూ ఉంటుంది, సాస్‌ల సంగతి చెప్పక్కర్లేదు.

నూడుల్స్ ఒక్కరోజులో మానేయమని నేను అనను, మానలేరు కూడా. మసాలా పొడి పావు వంతే వేయండి, అందులో ఒక గుడ్డు కొట్టి పోయండి, గుప్పెడు బఠాణీలు, క్యారెట్ ముక్కలు వేయండి, నిమ్మరసం పిండండి, పులుపు పడితే ఉప్పు తక్కువైనట్టు అంతగా తెలీదు. నాలుక కొన్ని వారాల్లో అలవాటు పడిపోతుంది. సోడియం తక్కువ ఉప్పు అని అమ్మేవాటిలో పొటాషియం ఉంటుంది, కిడ్నీ ఇబ్బంది ఉన్నవాళ్లకి, కొన్ని రకాల బీపీ మందులు వాడేవాళ్లకి అది ప్రమాదం, కాబట్టి మీ డాక్టరుగారిని అడక్కుండా మాత్రం మొదలుపెట్టకండి.

ప్రశ్న: బ్రో, జిమ్‌లో జాయిన్ అయ్యా, అందరూ ప్రొటీన్ పౌడర్ కొనమంటున్నారు. బరువు 70 కిలోలు. నిజంగా కావాలా?

జవాబు: ముందు లెక్క వేద్దాం. మామూలు మనిషికి కిలో బరువుకి రోజుకి 0.8 గ్రాముల ప్రొటీన్ అంటారు, నీకు 56 గ్రాములు, బరువులు ఎత్తుతున్నావ్ కాబట్టి ఇంకాస్త ఎక్కువ పెట్టుకో. రెండు గుడ్లలో సుమారు 12 గ్రాములు, గ్లాసు పాలలో 8, ఎండు పప్పు 60 గ్రాములు ఉడికించుకుంటే 14 దాకా, వండిన చికెన్ 100 గ్రాములు తింటే 30కి అటూ ఇటూ. కూడి చూడు, అన్నం, రొట్టె ఇచ్చేది కలపకుండానే దాటేశావ్. పౌడర్ విషమేమీ కాదు, వంట కుదరని రోజుకి పనికొస్తుంది, కానీ పొద్దున టిఫిన్ ఎగ్గొట్టి సాయంత్రం డబ్బా షేక్ చేసుకుని తాగేవాణ్ణి చూస్తే నవ్వొస్తుంది. పచ్చిగుడ్లు తాగే పని పెట్టుకోకు, ఉడికిన గుడ్డులో ప్రొటీనే ఒంటికి ఎక్కువ పడుతుంది, పచ్చిదాంట్లో సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా భయం కూడా ఉంది. చికెన్ వండితే కుళాయి కింద కడగొద్దు, ఆ తుంపర్లతో క్రిములు సింక్ అంతా పాకుతాయి, లోపలిదాకా ఉడికితే అవే చస్తాయి.

ప్రశ్న: కూరగాయలు ఉత్సాహంగా కొంటాను, వారం తిరిగేసరికి సగం కుళ్లిపోయి చెత్తబుట్టలో పడతాయి. ఏం చేయాలి?

జవాబు: తక్కువ కొను. నవ్వకు, నిజంగానే. ఆకలితో షాపుకెళ్తే అన్నీ తినేస్తాం అనిపిస్తుంది, తిని వెళ్లు, కడుపు నిండిన బేరం అంటే ఇదే. మూడంటే మూడు రకాలు, అందులో ఒకటి ఆకుకూర అయితే దాన్ని మొదటి రెండు రోజుల్లోనే లేపెయ్, క్యారెట్, క్యాబేజీ లాంటివి ఓపిగ్గా కూర్చుంటాయి, వాటిని చివర్లో వాడు. ఫ్రోజెన్ బఠాణీ, బీన్స్ కొనడం ఏదో తప్పు చేసినట్టు ఫీలవుతారు చాలామంది, కోసిన కొద్దిసేపటికే వేడినీళ్లలో ముంచి తీసి గడ్డకట్టిస్తారు కాబట్టి పోషకాలు బాగానే నిలుస్తాయి, నీ ఫ్రిజ్‌లో వారం వాడిపోయిన బీన్స్‌కంటే అవే నయం. పండ్లు, కూరగాయలు కలిపి రోజుకి 400 గ్రాములు లక్ష్యం పెట్టుకో, బంగాళదుంప అందులో లెక్కకి రాదు, వేపుడు ప్రియులు నన్ను తిట్టుకోవద్దు.

ప్రశ్న: రాత్రిపూట పండ్లు మాత్రమే తింటే సన్నబడతానా?

జవాబు: పదకొండింటికి మళ్లీ ఆకలేసి బిస్కెట్ ప్యాకెట్ ఖాళీ చేస్తావ్. పండ్లతోపాటు పెరుగో, గుడ్డో, గుప్పెడు పల్లీలో పెట్టుకో.

ప్రశ్న: అన్నా, వంట కొంచెం వచ్చు నాకు. కానీ ఒక్కడి కోసం అంత తతంగం ఎందుకు అనిపిస్తుంది. చాలాసార్లు సింక్ దగ్గర నిలబడి గిన్నెలోంచే ఫోన్ చూస్తూ తినేస్తాను. ఎంత తిన్నానో కూడా తెలీదు.

జవాబు: ఈ ఉత్తరం చదివి కాసేపు పక్కన పెట్టి మళ్లీ తీశాను తమ్ముడూ, ఎందుకంటే అది నేనే. కడుపు నిండిన కబురు మెదడుకి చేరడానికి కాస్త టైమ్ పడుతుంది, ఇరవై నిమిషాలు అంటుంటారు, ఫోన్ చూస్తూ ఐదు నిమిషాల్లో ఊదేస్తే ఆ కబురు వచ్చేలోపే గిన్నె ఖాళీ. కంచంలో పెట్టుకో, కూర్చో, ఫోన్ ఇంకో గదిలో ఛార్జింగ్‌కి పెట్టు, మొదటి వారం పిచ్చెక్కుతుంది, భరించు.

ఒక్కడి కోసం ఎందుకు అన్నావ్ కదా, అయితే ఇద్దరికి వండు. ఒక వంతు ఇప్పుడు తిను, రెండోది చల్లారాక డబ్బాలో పెట్టి మీద పేరు, తేదీ రాసి ఫ్రీజర్‌లో పడెయ్. రెండో వంతు ఎవరికి అంటావా, చెబుతా విను. ఒకసారి నాకు జ్వరమొచ్చి రెండు రోజులు మంచం దిగలేదు, ఫోన్ చేద్దామంటే ఎవరికి చేయాలో తోచలేదు, బయట తిండి తలుచుకుంటేనే వికారం. గోడ పట్టుకుని వెళ్లి ఫ్రీజర్ తీస్తే మూల ఒక డబ్బా, మీద టేప్, టేప్ మీద నా వంకర రాతలో "పప్పు" అని, మూడు వారాల కిందటి తేదీ. గిన్నెలో వేసి మరిగించుకుని మంచం మీద కూర్చుని తాగా. ఉప్పు వేయడం మర్చిపోయినట్టున్నా ఆరోజు. మొత్తం తాగేశా.