ఎన్‌హెచ్ఎల్ జట్ల లోగోలను పోల్చాలంటే ముందు రంగులు తీసేయండి

మీ ఆఫీసులో ఎన్‌హెచ్ఎల్, అంటే అమెరికా, కెనడాల ఐస్ హాకీ లీగ్‌లోని 32 జట్ల లోగోలకు ర్యాంకులు ఇవ్వబోతే డాలస్ వాళ్లంతా స్టార్స్‌కి, న్యూజెర్సీ నుంచి వచ్చినవాళ్లంతా డెవిల్స్‌కి ఓటేసి కూర్చున్నారని, ఊరి అభిమానం అడ్డురాకుండా తేల్చే పద్ధతి ఏదైనా ఉందా అని అడిగారు. ఉంది. చివరికి మిగిలే నాలుగైదు లోగోల దగ్గర అభిరుచి మాట్లాడుతుంది, అది తప్పదు. ఆ నాలుగైదు దాకా మాత్రం ఎవరి అభిమానంతోనూ పనిలేకుండా చేరుకోవచ్చు.

మొదట బొమ్మలు సరిగ్గా పోగుచేసుకోవాలి. సగం గొడవలు ఇక్కడే పుడతాయి. ఒకరు ఇప్పటి లోగో గురించి మాట్లాడుతుంటే ఇంకొకరు చిన్నప్పుడు టీవీలో చూసిన లోగోను మనసులో పెట్టుకుంటారు. కాబట్టి ఒకే సీజన్, ప్రతి జట్టుకూ ఒకే ప్రధాన లోగో. భుజం మీద కుట్టే చిన్న బొమ్మలు, అప్పుడప్పుడు మాత్రమే వేసుకునే మూడో జెర్సీలు పక్కన పెట్టండి. ఈ నియమం వల్ల వాషింగ్టన్ క్యాపిటల్స్‌కి నష్టం జరుగుతుంది. రెక్కలు చాచిన గద్దే డబ్ల్యూ అక్షరంలా కనిపిస్తూ, కింది ఖాళీలో క్యాపిటల్ భవనం గుమ్మటం తేలే బొమ్మ వాళ్లకుంది. పేరు రాసిన ప్రధాన లోగో కంటే అదే ఎంతో మెరుగు. అయినా నియమం నియమమే. న్యూయార్క్ రేంజర్స్ విషయం ముందే తేల్చుకోండి: వాళ్ల అధికారిక లోగో డాలు ఆకారం, జెర్సీ ఛాతీ మీద ఉండేది మాత్రం ఏటవాలుగా రాసిన పేరు. రెంటిలో దేన్ని తీసుకున్నా ఫరవాలేదు, మధ్యలో మార్చకండి.

ఫైళ్లు ఎస్‌వీజీలో (ఎంత పెంచినా అంచులు చెదరని ఫార్మాట్) తీసుకోండి, అన్నిటికీ వెనక ఒకే లేత బూడిద రంగు పెట్టండి. తెల్ల నేపథ్యం మీద తెల్ల అంచున్న లోగో చిక్కిపోయినట్టు కనిపిస్తుంది. అందరూ చేసే ఇంకో పొరపాటు అన్నిటి ఎత్తూ సమానం చేయడం. అలా చేస్తే ఫిలడెల్ఫియా ఫ్లైయర్స్ లాంటి వెడల్పాటి లోగో పెద్దదైపోయి, సియాటెల్ క్రాకెన్ ఎస్ అక్షరం లాంటి నిలువు లోగో చిన్నబోతుంది. సమానం చేయాల్సింది ఎత్తును కాదు, అది ఆక్రమించే జాగాను. లోగో మొత్తాన్నీ నల్లగా నింపి, గింప్‌లోనో ఫొటోషాప్‌లోనో హిస్టోగ్రామ్ తెరిస్తే ఎన్ని పిక్సెళ్లు నల్లబడ్డాయో తెలుస్తుంది. ఆ సంఖ్యలు దగ్గరగా వచ్చేదాకా పెంచండి, తగ్గించండి.

ఆ నల్లటి ముద్దే మొదటి పరీక్ష కూడా. లోపలి గీతలు, రంగులు ఏవీ లేకుండా బయటి ఆకారం ఒక్కటే చూసి జట్టును చెప్పగలరా? మన ఎన్నికల గుర్తులను ఒకే సిరాతో అచ్చువేసినా గుర్తుపట్టేలా గీసేదీ ఇందుకే. 2022లో మునుగోడు ఉప ఎన్నికలో రోడ్ రోలర్ గుర్తు తమ కారును పోలి ఉందని టీఆర్ఎస్ అభ్యంతరం చెప్పింది గుర్తుందా, అది పూర్తిగా ఆకారం గొడవే. ఈ పరీక్షలో టొరంటో ఆకు, సెయింట్ లూయిస్ బ్లూస్ స్వరం గుర్తు, డెట్రాయిట్ రెక్కలున్న చక్రం దర్జాగా గట్టెక్కుతాయి. ఫ్లోరిడా పాంథర్స్ డాలు, విన్నిపెగ్ జెట్స్ వృత్తం వట్టి డాలు, వట్టి వృత్తమే అవుతాయి. వీటికి అన్యాయం జరగకుండా రెండో విడతగా లోపలి గీతలతో సహా ఒకే రంగులో అచ్చువేసి మళ్లీ చూడండి. న్యూజెర్సీ డెవిల్స్ లోగోలో కూడా వృత్తం ఉంది కానీ కొమ్ములు, తోక ఉన్న అక్షరాలు ఒకే రంగులోనూ చెక్కుచెదరవు. విన్నిపెగ్‌లో యుద్ధ విమానం, దాని వెనక మేపుల్ ఆకు, వాటి చుట్టూ వృత్తం: మూడు పొరలనూ విడదీసి చూపించే పని రంగే చేస్తోంది. రంగు పోతే విమానం ఆకులో కలిసిపోతుంది.

రెండోది చిన్న పరిమాణం. 24 పిక్సెళ్ల ఎత్తుకు కుదించండి, టీవీ స్కోరు పట్టీలోనూ ఫోన్ యాప్‌లోనూ ఇంచుమించు అంతే కనిపిస్తుంది. ఇక్కడే మిన్నెసోటా వైల్డ్ దగ్గర వాదన మొదలవుతుంది. పెద్దగా చూస్తే లీగ్‌లో అంతకంటే తెలివైన బొమ్మ లేదనిపిస్తుంది. అడవి జంతువు తల, ఆ తలలోనే చెట్లు, సూర్యుడు, పారే ఏరు. కన్ను ఉండాల్సిన చోట నక్షత్రం. 1993లో మిన్నెసోటా వదిలి డాలస్ వెళ్లిపోయి స్టార్స్ అయిన నార్త్ స్టార్స్ జట్టుకి అది గుర్తు, అంటే మీ ఊరి జట్టు జ్ఞాపకం అవతలి జట్టు కంట్లో ఉందన్నమాట. 24 పిక్సెళ్లలో ఇదంతా కరిగిపోతుంది, తల ఆకారం మాత్రం నిలుస్తుంది. అందుకని దీనికి ఈ పరీక్షలో సగం మార్కులే ఇస్తాను, సున్నా వేయను. కాల్గరీ మండే సి అక్షరానికి ఈ ఇబ్బందే లేదు. డెట్రాయిట్‌కు కొంచెం ఉంది, ఈకలూ చక్రం ఊచలూ అలుక్కుపోతాయి.

మూడోది జెర్సీ. తెరమీద తీర్పు చెప్పేవాళ్లు మరిచిపోయేది ఇదే. హాకీ లోగో పుట్టింది కాగితం కోసం కాదు, ఛాతీ మీద దాదాపు 10 నుంచి 12 అంగుళాల వెడల్పున కుట్టడానికి. ఒక్కో రంగునూ ట్విల్ గుడ్డలో కత్తిరించి, పొర మీద పొర పెట్టి అంచులు కుడతారు. పొరలు పెరిగేకొద్దీ ఛాతీ మీద అట్టలా బిగుసుకుంటుంది. దారంతో వేసే గీత 1 మిల్లీమీటరు కంటే సన్నగా ఉంటే అంచు చెదురుతుంది. ఆటగాడు స్కేటింగ్ చేస్తూ ముందుకు వంగితే లోగో కింది భాగం మడతల్లోకి, గ్లవ్స్ వెనక్కి పోతుంది. అసలు విషయం పై సగంలో ఉన్న లోగోలు దీన్ని తట్టుకుంటాయి. లోగో ఫొటోను ప్రింట్ తీసి కింది మూడో వంతు చేత్తో మూసి చూడండి, చాలు. ముదురు జెర్సీ మీదా తెల్ల జెర్సీ మీదా రెండు సార్లు చూడాలి. ఒకదాని మీద బతకడానికి అదనపు అంచు వేయాల్సి వస్తే మార్కులు తగ్గించండి. ఇక మంచు మధ్యలో 30 అడుగుల వృత్తంలో వేసే లోగో సంగతి: సగం మంది ప్రేక్షకులకు అది తలకిందులుగానే కనిపిస్తుంది. కాబట్టి ప్రింటును తిప్పి పట్టుకుని కూడా ఒకసారి చూడండి.

నాలుగోది జ్ఞాపకం. ఆట చూడని స్నేహితుడికి లోగోను 10 సెకన్లు చూపించి దాచేయండి, 5 నిమిషాలు వేరే మాటల్లో పెట్టి, తర్వాత 30 సెకన్లలో గీయమనండి. బొమ్మ అందంగా రావాల్సిన పనిలేదు, ముఖ్యమైన భాగాలు వచ్చాయా అన్నదే లెక్క. బఫెలో సేబర్స్ 2006 నుంచి 2010 దాకా వాడిన లోగో ఇక్కడ ఘోరంగా విఫలమవుతుంది. దున్నకు కాళ్లు లేవు, ఒళ్లు కామాలా వంగి ఉంది. జనం దానికి నత్తతో కలిపి పేరు పెట్టారు. దున్న అని తెలియాలంటే ముందే తెలిసి ఉండాలి, లోపం అదే. 1995లో న్యూయార్క్ ఐలాండర్స్ తెచ్చిన జాలరి బొమ్మది వేరే జబ్బు. గడ్డం, టోపీ, వానకోటు, చేతిలో స్టిక్, ఇన్ని గీతలతో అది లోగో కాదు, పుస్తకంలో వేసే బొమ్మ. పైగా ఒక చేపల తినుబండారం పెట్టె మీది మనిషిని పోలి ఉండేసరికి రేంజర్స్ అభిమానులు ‘ఫిష్ స్టిక్స్ కావాలి’ అని అరుస్తూ ఏడిపించారు. రెండు సీజన్లకే లాంగ్ ఐలాండ్ పటం ఉన్న 1972 నాటి లోగోకు తిరిగొచ్చారు.

అయిదోది ఊరితో సంబంధం. ఇందులో ఒక మోసం ఉంది, జాగ్రత్త. 2016లో టొరంటో కొత్త ఆకు తెచ్చినప్పుడు 31 కొసలు 1931లో తెరిచిన మేపుల్ లీఫ్ గార్డెన్స్‌కి, 17 ఈనెలు 1917లో జట్టు పుట్టినందుకు, పైభాగంలోని 13 ఈనెలు గెలిచిన 13 స్టాన్లీ కప్పులకు (లీగ్ విజేతకిచ్చే కప్పు) అని వివరించారు. చక్కటి లెక్కే. కానీ స్టేడియంలో కూర్చుని ఎవరూ ఈనెలు లెక్కపెట్టరు. పక్కన ఎవరో చెబితే తప్ప అందని అర్థానికి మార్కులు వేయకండి. టొరంటో ఆకుకు మార్కులు రావాల్సింది అది ఒకే నీలంలో, శుభ్రమైన అంచుతో ఉన్నందుకు. దీనికి ఎదురుగా హార్ట్‌ఫర్డ్ వేలర్స్‌ను పెట్టి చూడండి. 1979లో పీటర్ గుడ్ గీసిన లోగో అది. కింద ఆకుపచ్చ డబ్ల్యూ, పైన నీలం తిమింగలం తోక, రెంటి మధ్య ఖాళీలో హెచ్. ఎవరూ చెప్పకుండానే కన్ను దాన్ని పట్టుకుంటుంది, ఒకసారి చూశాక ఇక చూడకుండా ఉండలేదు. జట్టు 1997లో నార్త్ కరొలైనాకు వెళ్లిపోయి హరికేన్స్ అయింది. పాత లోగోలకు కూడా చోటిస్తే మొదటి ర్యాంకు దీనిదేనని నేను గట్టిగా నమ్ముతాను.

మార్కులు ఇలా పంచుతాను: ఆకారానికి 30, జెర్సీకి 25, చిన్న పరిమాణానికి 15, జ్ఞాపకానికి 15, ఊరికి 15. జట్టు గెలుపోటములకు ఏమీ లేదు. కప్పు గెలిచిన ఏడాది లోగో అందంగా కనిపించడం సహజం, అందుకే సీజన్ మధ్యలో ఓటింగ్ పెట్టుకోవడం మంచిది.

మార్కులయ్యాక ఓటింగ్‌లో 32నూ ఒకేసారి వరుసలో పెట్టమనకండి, పదో లోగో దాటాక ఎవరికైనా కన్ను అలిసిపోతుంది. రెండేసి లోగోలు పక్కపక్కన పెట్టి ఒకటి ఎంచుకోమనండి. అన్ని జతలూ చూడాలంటే 496 అవుతాయి, ఎవరివల్లా కాదు. 8 చొప్పున నాలుగు గుంపులు చేస్తే గుంపుకు 28, మొత్తం 112 జతలే. వీలైనంతవరకు అక్షరాలతో అక్షరాలు, జంతువులతో జంతువులు వచ్చేలా విడదీయండి, మాంట్రియల్ సీహెచ్‌ను శాన్ హోసే సొరచేపతో మొదటి విడతలోనే పోటీ పెట్టడంలో అర్థం లేదు. జతలో కుడి ఎడమలు మారుస్తూ ఉండండి, చాలామంది చేయి అలవాటుగా ఒకే వైపు పోతుంది.

షికాగో బ్లాక్‌హాక్స్ దగ్గర ఆగి మాట్లాడుకోవాలి. గీతగా చూస్తే బలమైన పనే. కానీ అది అమెరికా మూలవాసుల్లో ఇప్పటికీ బతికున్న ఒక జాతి మనిషి తల, దాన్ని తీసేయమని ఆ జాతుల సంఘాలు కొన్ని ఎన్నాళ్లుగానో అడుగుతున్నాయి. 2020లో జట్టు లోగో ఉంచుకుంటామని చెప్పి, సొంత మైదానంలో ఈకల తలపాగాలను మాత్రం నిషేధించింది. ఈ ప్రశ్నను మార్కుల్లో కలిపితే రెండూ పలచనవుతాయి. నేనైతే దాన్ని పోటీ బయట పెడతాను, ఎందుకో పక్కన రాస్తాను.

మీ అసలు గొడవకు వస్తే, స్టార్స్ మీద డెవిల్స్ గెలుస్తుంది. డాలస్ నక్షత్రం శుభ్రంగానే ఉంది, కానీ నల్లగా నింపితే అదే ఊరి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు కౌబాయ్స్ నక్షత్రం ఇంకా గట్టిగా గుర్తొస్తుంది. డెవిల్స్ లోగోలో రాష్ట్రం పేరులోని రెండక్షరాలే కొమ్ములూ తోకా మొలిపించుకుని జట్టు పేరును కూడా చెప్పేస్తున్నాయి, విడిగా బొమ్మ అక్కర్లేదు. 32లో మొదటిది మాత్రం డెట్రాయిట్. 1932లో జట్టును కొన్న జేమ్స్ నోరిస్, తాను మునుపు ఆడిన మాంట్రియల్ క్లబ్బు రెక్కల చక్రాన్ని కార్ల ఊరికి తెచ్చాడు. ఎరుపు, తెలుపు, అంతే. చిన్న పరిమాణంలో పోగొట్టుకున్న మార్కులకు రెండింతలు జెర్సీ మీద సంపాదించుకుంటుంది. రెండో స్థానానికి డెవిల్స్, టొరంటో మధ్య మీవాళ్లు కొట్టుకోవచ్చు, నా లెక్కలో వాటి తేడా ఒకటి రెండు మార్కులే.